ఆ భాగం తీసెయ్యకు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ ఉత్తరం సోమవారం అందింది. నీ భయం కథ ధారావాహికలో, కథని ఊరి నుంచి హైదరాబాద్ తెచ్చిన 7వ భాగం పెట్టిన దగ్గర్నుంచి సగం మంది నెత్తిన పెట్టుకున్నారనీ, సగం మంది దుమ్మెత్తి పోశారనీ, ఎవరి మాట వినాలో తేలక నిద్ర పట్టడం లేదనీ రాశావు. ఆ భాగం తీసేసి, కథని మళ్లీ ఊళ్లోనే నడిపిస్తానన్నావు. తొందరపడకు తల్లీ. ఏడు భాగాలూ కూర్చుని చదివాను. నాకు తోచింది చెప్తాను, ఆపైన నీ ఇష్టం.

ఉత్తరం చివర్లో ఇంకో సంగతి రాశావు. హాస్టల్ గదిలో మీ ముగ్గురూ కలిసి బీబీసీ వాళ్ల ‘డ్రాక్యులా’ చూశారనీ, మూడో ఎపిసోడ్ అయ్యాక రాత్రి రెండింటిదాకా వాదించుకున్నారనీ. ఏదో కబురు చెప్పినట్టు రాసి వదిలేశావు గానీ, నీ నిద్రలేమికి మందు నాకు అక్కడే కనిపించింది.

ఆ సిరీస్ కొత్తగా వచ్చినప్పుడే నేనూ చూశాను. 2020 జనవరి 1, 2, 3 తేదీల్లో వరసగా మూడు రాత్రులు బ్రిటన్‌లో వేశారు. ఒక్కోటి గంటన్నర. 4వ తేదీకల్లా నెట్‌ఫ్లిక్స్‌లో మనకీ వచ్చింది. రాసినవాళ్లు మార్క్ గాటిస్, స్టీవెన్ మోఫాట్. మొదటి రెండు రాత్రులకీ మెచ్చుకున్నవాళ్లు ఎక్కువ. మూడో రాత్రి గడిచేసరికి చూసినవాళ్లు రెండుగా చీలిపోయారు. ఇంత మంచి కథని చేజేతులా పాడుచేసుకున్నారని కొందరు, అసలు దమ్మున్నది మూడోదేనని కొందరు. మీ గదిలో జరిగిన గొడవే అప్పుడు చాలా ఇళ్లల్లో జరిగింది. మా ఇంట్లో మా అబ్బాయి ఒకవైపు, కోడలు ఒకవైపు.

మొదటి ఎపిసోడ్‌లో మఠం గేటు సీన్ గుర్తుందా? హంగేరీలో కన్యాస్త్రీల మఠం. రాత్రి. గేటు బయటికి తోడేలు ఒకటి వస్తుంది. దాని ఒళ్లు చీల్చుకుని డ్రాక్యులా బయటికొస్తాడు, నిలువెల్లా నెత్తురుతో, ఒంటి మీద నూలుపోగు లేకుండా. ఇవతల సిస్టర్ అగాథా. అతన్ని ఆపేది ఆ గేటు కాదు. పిలవని ఇంట్లోకి అడుగు పెట్టకూడదన్న కట్టుబాటు. ఆ సంగతి ఆవిడకి తెలుసు. అందుకే పారిపోదు. తన చెయ్యి తనే కోసుకుని ఆ నెత్తుటితో వాణ్ణి ఊరిస్తుంది, ప్రశ్నలు వేస్తుంది, వాడు రెచ్చిపోతుంటే కళ్లార్పకుండా చూస్తుంది. ఆ పది నిమిషాలూ నేను కుర్చీ అంచున కూర్చున్నాను.

నాకైతే మా ఊరి తలుపులు గుర్తొచ్చాయి. నీకు తెలిసే ఉంటుంది, ఒకప్పుడు మన పల్లెల్లో తలుపుల మీద ‘ఓ స్త్రీ రేపు రా’ అని రాసేవాళ్లు. రాత్రిపూట దెయ్యం తెలిసినవాళ్ల గొంతుతో పిలుస్తుందనీ, పలికితే అంతేననీ, తలుపు మీద రాత చదివితే వెనక్కి వెళ్లిపోయి మర్నాడు మళ్లీ వచ్చి మళ్లీ అదే చదువుతుందనీ చెప్పుకునేవాళ్లం. ఒకసారి రాత్రి వానకి మా తలుపు మీద అక్షరాలు చెరిగిపోయాయి. మా అమ్మ నన్ను పీట ఎక్కించి సుద్దముక్క చేతికిచ్చింది. కంగారులో ‘స్త్రీ’కి తావత్తు వదిలేశాను. అమ్మ లాంతరు ఎత్తి చూసి, “తప్పు రాస్తే అది చదువుకోలేదే, సరిగ్గా రాయి” అని మొత్తం తుడిపించి మళ్లీ రాయించింది. ఆ రాత్రి పడుకుని, తావత్తు సరిగ్గా వచ్చిందో లేదోనని చాలాసేపు ఆలోచించాను. అప్పుడు నా భయమంతా ఆ దెయ్యం గురించి కంటే ఆ వత్తు గురించే.

భయం కథ అలాగే పని చేస్తుంది. కోరలూ నెత్తురూ ఎవరైనా రాస్తారు. చదివేవాణ్ణి పట్టి ఉంచేది కట్టుబాటు. ఇది దాటలేదు, ఇక్కడ ఆగిపోతుంది, ఫలానా తప్పు చేస్తే లోపలికొస్తుంది. ఆ మాట నువ్వు చెప్పి, పాఠకుడు నమ్మాడంటే, నువ్వు అతని దగ్గర అప్పు తీసుకున్నట్టే. కథ అయిపోయేలోగా దాన్ని తీర్చాలి. కట్టుబాటుని కడదాకా నిలబెట్టి తీర్చొచ్చు. కళ్లెదురుగానే బద్దలుకొట్టీ తీర్చొచ్చు. ఊరుకుంటే మాత్రం అది బాకీగా ఉండిపోతుంది.

ఇప్పుడు రెండో ఎపిసోడ్ చివరికి రా. సముద్రం మీద డిమీటర్ ఓడ. అగాథా, డ్రాక్యులా చదరంగం ఆడుతూ మాట్లాడుకుంటున్నారని మనం అనుకుంటూ ఉంటాం, తీరా చూస్తే ఆవిడ అదే ఓడలో వాడికి ఆహారంగా పడి ఉంటుంది. ఇంగ్లండ్ తీరం కనుచూపు మేరలో ఉండగా ఓడ పేలి మునిగిపోతుంది, అగాథా పోతుంది. డ్రాక్యులా సముద్రం అడుగున పెట్టెలో పడుకుని, లేచి, నీళ్లల్లో నడుచుకుంటూ ఒడ్డుకొస్తాడు. ఇసకలో రెండడుగులు వేస్తాడో లేదో, పైనుంచి కళ్లు మిరుమిట్లుగొలిపే లైట్లు, హెలికాప్టర్ మోత. 123 ఏళ్లు గడిచిపోయాయి. ఎదురుగా అచ్చం అగాథా మొహంతో ఈ కాలపు మనిషి, జోయీ.

నేను చప్పట్లు కొట్టాను. ఇప్పటికీ అది గొప్ప మలుపే అంటాను. చూసినవాళ్లు చీలిపోయింది కూడా సరిగ్గా అక్కడే.

మర్నాడు వినపడిన ఫిర్యాదుల్లో పెద్దది, మూలకథకి ద్రోహం చేశారని. చివర్లో జోయీ కిటికీ తెరలు లాగేస్తే ఎండ డ్రాక్యులా మీద పడుతుంది, వాడికేమీ కాదు. ఎండ తగిలితే బూడిదైపోవాలి కదా, ఇదేం చోద్యం అన్నారు. అమ్మాయీ, బ్రామ్ స్టోకర్ 1897లో రాసిన నవలలో డ్రాక్యులా పట్టపగలు లండన్ వీధుల్లో తిరుగుతాడు. పగలు వాడి శక్తులు తగ్గుతాయి, అంతవరకే. ఎండ తగిలి చావడమన్నది 1922లో జర్మనీలో తీసిన ‘నోస్ఫెరాటు’ సినిమా నుంచి వచ్చింది. మూలానికి ద్రోహం అన్నవాళ్లు చెప్పిన మూలం అసలు మూలంలోనే లేదు.

అలాగని వాళ్ల మాట కొట్టిపారెయ్యగలమా? నేను కొట్టిపారెయ్యలేను. వాళ్లు చెప్పిన కారణం పొరపాటు, వాళ్లకి కలిగిన నొప్పి మాత్రం నిజం. రెండు రాత్రులు వాళ్లు చూసింది ఇద్దరు సమఉజ్జీల పోరు. ఆవిడ తెలివి, వాడి ఆకలి. మూడో రాత్రికి ఆవిడ లేదు. మొహం ఉంది, మనిషి లేదు. దానికితోడు ఆ గంటన్నరలోనే కొత్త లోకం, కొత్త సంస్థ, బోను, డ్రాక్యులాకి హక్కులున్నాయని విడిపించే లాయరు, లూసీ అనే అమ్మాయి, ఆమె స్నేహితులు. దేనికీ కాస్త కూర్చునే చోటు లేదు. అగాథా అంటే ప్రాణం పెట్టినవాళ్లకి తమ బాకీ ఎగ్గొట్టారనిపించింది.

మెచ్చుకున్నవాళ్లది కూడా నిజమే. సిలువంటే వీడికెందుకు భయం అన్న ప్రశ్న మొదటి ఎపిసోడ్‌లో అగాథా వేసింది. జవాబు మూడో ఎపిసోడ్ చివర్లో దొరికింది, వీడి భయాలన్నిటికీ వేరు చావంటే భయమేనని. అది తీరిన బాకీ. లూసీ సంగతి చూడు. చనిపోయిందనుకుని దహనం చేసేస్తారు. మంటల్లో మెలకువ వస్తుంది. కాలిన ఒంటితో నడిచొచ్చి అద్దంలో చూసుకుంటే ఎప్పటి అందమే కనిపిస్తుంది. ఫోన్‌తో సెల్ఫీ తీసుకుంటే అప్పుడు కనిపిస్తుంది అసలు మొహం. ఆ ఫోన్ వంక ఆమె చూసిన చూపు చాలు నాకు. ఈ కాలానికి తీసుకొచ్చినందుకు ఆ ఒక్క సీనూ సమాధానం చెప్తుంది.

కాబట్టి ఎవరిది ఒప్పు అని నన్నడగకు. ఎక్కడ విడిపోయారు, అక్కడికి వచ్చేసరికి వాళ్ల చేతిలో తీరని మాట ఏముంది, అదీ చూడాల్సింది. పొగిడినవాళ్లనీ తిట్టినవాళ్లనీ లెక్కపెట్టుకుంటూ కూర్చుంటే నీ బుర్ర పాడవుతుంది తప్ప కథ బాగుపడదు.

ఇంకో సిరీస్ గురించి కూడా చెప్తాను, ఎందుకంటే నువ్వు భాగం తీసేస్తానంటున్నావు కాబట్టి. 2022 అక్టోబర్‌లో అమెరికాలో ఏఎంసీ చానెల్ వాళ్లు ‘ఇంటర్వ్యూ విత్ ది వాంపైర్’ మొదలుపెట్టారు. ఆన్ రైస్ 1976లో రాసిన నవల అది. నవలలో రక్తపిశాచిగా మారే లూయీ 18వ శతాబ్దపు తెల్లజాతి తోటల యజమాని. సిరీస్‌లో 1910 నాటి న్యూ ఆర్లీన్స్‌లో వేశ్యాగృహాలు నడిపే నల్లజాతి మనిషి. నవలని ప్రేమించినవాళ్లు కొందరు చూడకముందే మండిపడ్డారు. (చూడకముందు వచ్చే కోపాన్ని మరీ మనసుకి పట్టించుకోకు. 1994 సినిమాలో టామ్ క్రూజ్‌ని తీసుకున్నారని ఆన్ రైసే బాహాటంగా వ్యతిరేకించింది. సినిమా చూశాక ఆవిడే పత్రికలో ప్రకటన ఇచ్చి మరీ మెచ్చుకుంది.) ఈ సిరీస్ వాళ్లు మార్పుకి ముందే మెట్లు కట్టారు. ఎన్నో ఏళ్ల కిందట ఇచ్చిన ఇంటర్వ్యూ సరిగ్గా చెప్పింది కాదు, మళ్లీ చెప్తాను రమ్మని లూయీ ముసలివాడైన ఆ విలేకరిని దుబాయ్ పిలిపిస్తాడు. దాంతో మార్పే కథైపోయింది, జ్ఞాపకాన్ని ఎంతవరకు నమ్మాలన్నదే కథైపోయింది.

అయినా అయిదో ఎపిసోడ్ దగ్గర అభిమానులు చీలిపోయారు. లూయీని రక్తపిశాచిగా మార్చిన ప్రేమికుడు లెస్టాట్ అతన్ని చావగొట్టి, ఆకాశం ఎత్తునుంచి కింద పడేస్తాడు. అంతదాకా వాళ్ల ప్రేమని చూసి మురిసినవాళ్లు తట్టుకోలేకపోయారు. కొందరేమో ఆ ప్రేమలో మొదట్నుంచీ ఈ క్రౌర్యం ఉందిగా, ఇప్పుడే కనిపించిందా అన్నారు. సిరీస్ వాళ్లు ఆ ఎపిసోడ్‌ని వెనక్కి తీసుకోలేదు, ఏమీ జరగనట్టు ముందుకీ పోలేదు. 2024లో వచ్చిన రెండో సీజన్‌లో పారిస్ నాటకశాలలో విచారణ జరుగుతుంటే, ఆ రాత్రి సంగతి మళ్లీ తెచ్చారు. ఈసారి లెస్టాట్ నోటివెంట. అదే రాత్రి, అదే దెబ్బలు, ఇంకో వైపు నుంచి. రెండేళ్ల తర్వాత బాకీ చెల్లించారు. చెల్లించేటప్పుడు దాని విలువ పెరిగింది కూడా.

నా చిన్నతనంలో నాకిది చెప్పినవాళ్లు లేరు. నా మొదటి సీరియల్ ఒక వారపత్రికలో వస్తున్నప్పుడు, 11వ వారం కథని పన్నెండేళ్లు ముందుకి దూకించాను. గుట్టగా పోస్టుకార్డులు వచ్చాయి. సంపాదకుడు సంచీలో వేసి ఇంటికి పంపించాడు. మంచం మీద పొగడ్తలు ఒకవైపు, తిట్లు ఒకవైపు పేర్చాను. రెండూ ఇంచుమించు ఒకే ఎత్తున వచ్చాయి. తిట్ల గుట్ట చూసి భయపడిపోయి, తర్వాత వారం ఆ పన్నెండేళ్లూ హీరోయిన్‌కి వచ్చిన కలని రాసేశాను. ఆ వారం నుంచి కార్డులు రావడం తగ్గిపోయింది. పొగిడినవాళ్లూ వదిలేశారు, తిట్టినవాళ్లూ వదిలేశారు. చాలా ఏళ్ల తర్వాత ఇల్లు మారుతుంటే ఆ సంచీ దొరికింది. కూర్చుని చదివితే, తిట్టినవాళ్లలో చాలామంది రాసింది ఒకటే. అత్తగారి దగ్గు ఏమైంది? మూడో వారంలో ఆవిడ దగ్గుతుంటే కోడలు కొంగులో నెత్తురు మరక దాచడం రాశాను. ఆ తర్వాత ఆ సంగతే మర్చిపోయాను. వాళ్లు మర్చిపోలేదు. పన్నెండేళ్లు దూకినందుకు కాదు వాళ్ల కోపం, ఆ ముసలావిణ్ణి వెనకాల ఒంటరిగా వదిలేసినందుకు.

ఇప్పుడు నీ 7వ భాగం. గోదావరి లంకలో మొదలైన కథ ఉన్నట్టుండి హైదరాబాద్ హాస్టల్‌లో తేలింది. లిఫ్ట్ సీన్ చాలా బాగా రాశావు. లోపలికి రమ్మనకుండానే తలుపులు తెరుచుకునే పెట్టె అది, దానికి గడప లేదు. ఆ ఆలోచన వచ్చినందుకు నిన్ను దగ్గర కూర్చోబెట్టుకుని అన్నం పెట్టాలనిపించింది. మెచ్చుకున్నవాళ్లంతా దాన్నే మెచ్చుకున్నారు. తిట్టినవాళ్లేమో ఊరి వాతావరణం పోయిందన్నారు, గోదావరి లేదన్నారు, సిటీ కథలు మాకొద్దన్నారు. ఆ కారణాలు పక్కన పెట్టు. 2వ భాగంలో నువ్వేం రాశావో తీసి చదువుకో. పారే నీళ్లు నీ కథలో భయపెట్టేవాడు దాటలేడని మామ్మ చేత చెప్పించావు. రేవులో పడవవాడు, ఎంత డబ్బిస్తానన్నా వాణ్ణి ఎక్కించుకోనని తెడ్డు అడ్డం పెట్టాడు. పడవవాడి చెయ్యి వణకడం రాశావు, తెడ్డు మీంచి నీళ్లు కారడం రాశావు. ఊరంతటినీ కాపాడుతున్నది ఆ ఒక్క పడవవాడని మేమంతా నమ్మాం.

మరి వాడు గోదావరి ఎలా దాటాడు?

నీ రాతలో దానికి జవాబు లేదు. నువ్వు పంపిన అభిప్రాయాల్లో ఒక్కరే ఆ ప్రశ్న సూటిగా అడిగారు, కింద ఎక్కడో రెండు ముక్కల్లో, “పడవ అతను ఏమయ్యాడు” అని. మిగతావాళ్ల కోపం కూడా అదేనని నా నమ్మకం, వాళ్లకి పేరు దొరకలేదు అంతే.

ఆ భాగం అలాగే ఉంచు. లిఫ్ట్‌లో ఒక్క అక్షరం ముట్టుకోకు. 8వ భాగం ఎక్కడ మొదలుపెట్టాలో నీకిప్పటికి తెలిసే ఉంటుంది. తెల్లవారుజాము, రేవు, కట్టు విప్పి ఉన్న పడవ. తెడ్డు ఉందో లేదో నువ్వే చూసి రాయి. వచ్చే ఆదివారం లోపు నాకు పంపించు, పోస్టులో అయినా సరే, ఫోన్‌లో అయినా సరే. పడవవాడి కోసం నేనూ ఎదురు చూస్తున్నాను.

ఆశీస్సులతో,
నీ పాత తరం రచయిత్రి