గంటకి 1,200 గెలుస్తున్నారు సరే, బీరువాలో ఆ డబ్బేదీ?

పలాస నుంచి ఒక పాఠకుడు రాశారు. వయసు 33, కాశీబుగ్గలో ఒక జీడిపప్పు వ్యాపారి దగ్గర లెక్కలు చూస్తారు, జీతం, కమీషన్ కలిపి నెలకి 45,000. భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి. 11 నెలలుగా నెలకోసారి గోవా వెళ్లి కాసినోలో మూడేసి రాత్రులు పోకర్ ఆడుతున్నారు, 50–100 టేబుల్ మీద (అంటే కార్డులు చూడకముందే ఇద్దరు తప్పనిసరిగా పెట్టాల్సిన చిన్న, పెద్ద బ్లైండ్ పందేలు 50, 100 రూపాయలు). మొత్తం 240 గంటలు, లాభం 2,88,000. "అంటే గంటకి 1,200 సార్. నెలకి 80 గంటలు ఆడితే 96,000. మా ఆవిడ బంగారం మీద 4 లక్షలు తీసుకుని 100–200 టేబుల్‌కి వెళ్తే ఇంకా వస్తుంది. ఉద్యోగం మానేయొచ్చా?" అని అడిగారు. నోట్‌బుక్ పేజీల ఫొటోలు కూడా పంపారు.

మానేయొద్దు. బంగారం ముట్టుకోవద్దు. జవాబు ఇంతే, కానీ కొన్ని నెలల గెలుపుని గంటలతో భాగించి దాన్ని జీతం అనుకోవడం ఈయన ఒక్కరి పొరపాటు కాదు, షేర్ మార్కెట్లో ఆప్షన్స్ ఆడేవాళ్లూ నా దగ్గరికి ఇదే భాగహారంతో వస్తారు (2022 నుంచి 2024 వరకు మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఎఫ్ అండ్ ఓ, అంటే ఫ్యూచర్స్, ఆప్షన్స్ ఆడిన మామూలు జనంలో 93 శాతం మంది నష్టపోయారని మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీయే లెక్క తీసింది), అందుకే రాస్తున్నాను.

తమ్ముడూ, మీ నోట్‌బుక్‌లో గెలిచిన రాత్రి "9.40 నుంచి 2.15" అని నిమిషాలతో సహా ఉంది. ఓడిన రాత్రి "సుమారు 6 గం." అని పెన్సిల్‌తో రాసి ఉంది. చిప్స్ మళ్లీ కొన్న వరస సగం చోట్ల ఖాళీ. అవతలివాడి లెక్కలు పైసాతో సహా రాసే మనిషి సొంత లెక్క ఇలా రాశాడంటే, ఓడినప్పుడు రాయబుద్ధి కాలేదని అర్థం. నేనైతే నోట్‌బుక్ మూసేసి బీరువా తెరుస్తాను. లక్షతో మొదలుపెట్టానన్నారు, ఇంటికి ఒక్క రూపాయి వాడలేదన్నారు, ఇప్పుడు బీరువాలో 1,60,000 ఉందన్నారు. లక్షకి 2,88,000 కలిపితే 3,88,000. ట్రిప్పుకి 14,000 చొప్పున, అంటే అమరావతి ఎక్స్‌ప్రెస్‌లో వెళ్లి ఫ్లైట్‌లో రావడం, రూము, తిండి, అన్నీ కలిపి 1,54,000 తీసేసినా 2,34,000 ఉండాలి. మరి ఆ 74,000 ఎక్కడ? రాయని రీబైలు (మళ్లీ కొన్న చిప్స్), కార్డులు పంచే డీలర్‌కిచ్చిన టిప్పులు, బార్ బిల్లు. కాబట్టి మీరు నిజంగా మిగుల్చుకున్నది 60,000, అంటే గంటకి 250.

ఆ 250 కూడా నమ్మదగిన అంకె కాదు, అసలు సంగతి ఇక్కడుంది. లైవ్ టేబుల్ మీద గంటకి 25, 30 చేతులకి (ఒక్కో పంపకం ఒక చేయి) మించి పడవు. మీరు రాసిన రాత్రుల గెలుపోటములు ఎంతెంత తేడాగా ఉన్నాయో చూసి లెక్క కడితే, గంటకి ఎత్తుపల్లం (సగటుకి అటూ ఇటూ ఊగే తేడా) దాదాపు 7,000 వచ్చింది, అంటే 70 పెద్ద బ్లైండ్లు. దాన్ని 240 వర్గమూలంతో, అంటే సుమారు పదిహేనున్నరతో భాగించండి, 450 వస్తుంది. దాన్ని రెట్టింపు చేస్తే 900. మీ అసలు రేటు 250కి 900 అటూ ఇటూ ఎక్కడైనా ఉండొచ్చన్నమాట, గంటకి 650 పోగొట్టుకునే ఆటగాడి దగ్గర్నుంచి 1,150 గెలిచే ఆటగాడి దాకా. మీరు మంచి ఆటగాడు కాదని నేననడం లేదు. అయ్యుండొచ్చు. ఈ కాగితాలతో అది తేలదు, అంతే. పోనీ ఎప్పటికి తేలుతుంది? ఆ 900ని 200కి దించాలంటే 4,900 గంటలు ఆడాలి, ఇప్పుడు మీరు వెళ్తున్న లెక్కన దాదాపు 19 ఏళ్లు.

పన్ను సంగతి మీరు రాయనే లేదు. పేకాట గెలుపు మీద 30 శాతం, సెస్‌తో 31.2, ఖర్చులు చూపించుకోనివ్వరు, ఓడిన రాత్రుల నష్టాన్ని గెలిచిన రాత్రుల్లోంచి తీసేయనివ్వరు. మీ నోట్‌బుక్ ప్రకారమే గెలిచిన రాత్రుల మొత్తం 4,20,000. దాని మీద పన్ను 1,31,000. చేతికి మిగిలింది 60,000. ఒకసారి ఆడిటర్ దగ్గర కూర్చోండి.

ఆట తప్పా ఒప్పా అన్న చర్చ నాకొద్దు. గోవా కాసినోలో ఆడటం చట్టబద్ధమే, అదే ఆట మన జిల్లాలో ఎవరి తోటలోనో డబ్బు పెట్టి ఆడితే పోలీసు కేసు, ఆన్‌లైన్‌లో డబ్బాటలు 2025 చట్టంతో దేశమంతా నిషేధం.

నాకు నిజంగా ఒళ్లు మండింది మాత్రం బ్యాంకులో మీకున్నది 22,000 అని చదివినప్పుడు. ఇంటి ఖర్చు 30,000, చీటీ 10,000, నెలకి 40,000 బయటికి పోయే ఇంట్లో పదిహేను రోజులకి సరిపడా డబ్బుంది, పైన ఉద్యోగం మానేస్తానంటారు! అదీ పలాసలో ఉండి. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను మీ దగ్గరే తీరం దాటింది, ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకి ఒరిగిపోయాయి, జీడి మళ్లీ నాటితే కాపుకి మూడు నాలుగేళ్లు. తోట ఉన్నవాడికే కాదు, బట్టీలో పనిచేసేవాళ్లకీ, మీలాగా లెక్కలు రాసేవాళ్లకీ అదే దెబ్బ. ఉద్దానం కిడ్నీ జబ్బుల సంగతి మీకు నేను చెప్పనక్కర్లేదు, ఇంట్లో అమ్మగారున్నారు. ఆరు నెలల ఖర్చు, అంటే 2,40,000, విడిగా, ముట్టుకోకుండా ఉండాలి. బీరువాలో ఉన్న 1,60,000 రేపే బ్యాంకులో వేసి ఎఫ్‌డీ చేయండి, మీ 22,000తో కలిపి 1,82,000 అవుతుంది, తక్కువ పడేది 58,000. చీటీ ఇప్పుడే పాడుకోకండి, చివరిదాకా ఆగి తీసుకుంటే ఆ లోటు పూడి ఇంకా మిగులుతుంది.

బీరువాలో ఉన్న ఈ డబ్బునే మీరు బ్యాంక్‌రోల్ అంటున్నారు. బ్యాంక్‌రోల్ అంటే పోయినా ఇంట్లో పొయ్యి వెలిగే డబ్బు, మీకు అలాంటిది లేదు.

ఇక బంగారం. 4 లక్షలకి నూటికి రూపాయి వడ్డీ అనుకున్నా నెలకి 4,000, గెలిచినా ఓడినా కట్టాలి. 100–200 టేబుల్ మీద ఎత్తుపల్లం గంటకి 14,000 అవుతుంది, మూడు రాత్రుల ట్రిప్పులో లక్ష పోవడం అక్కడ వింతేమీ కాదు, బాగా ఆడేవాడికి కూడా. అలాంటివి వరసగా మూడు పడితే వేలం నోటీసు వచ్చేది మీ ఆవిడ నగలకి. పైగా ఆ టేబుల్ దగ్గర కూర్చునేవాళ్లు మీ 50–100 వాళ్లకంటే ముదుర్లు, రేటు రెట్టింపవుతుందని ఎవరు చెప్పారు? ఆ 4 లక్షలు 20 బై-ఇన్లకి (టేబుల్ దగ్గర కూర్చోవడానికి ఒక్కోసారి కొనే చిప్స్) సరిపోతాయని రాశారు. అప్పు తెచ్చి, అందులోంచే ఇంటి ఖర్చు తీస్తూ ఆడేవాడికి ఆ 20 లెక్క పనికిరాదు.

టర్మ్ పాలసీ (మీకేమైనా అయితే ఇంటికి డబ్బొచ్చే బీమా) కోటి రూపాయలకి, ఇంటిల్లిపాదికీ హెల్త్ పాలసీ, ఈ నెలలోనే. సిప్‌లు (నెలనెలా మ్యూచువల్ ఫండ్‌లో వేసేవి) తర్వాత చూద్దాం.

ఆడాలనే ఉంటే ఆ ఆరు నెలల ఖర్చుల ఫండ్ నిండాక, నెల చివర మిగిలే 5,000 కూడబెట్టుకుని మూడు నాలుగు నెలలకోసారి వెళ్లండి. టేబుల్ దగ్గర్నుంచి లేచిన వెంటనే ఫోన్‌లో కొట్టుకోండి: కూర్చున్న టైము, లేచిన టైము, కొన్న ప్రతి చిప్పూ, చేతికొచ్చింది, టిప్పు, దారి ఖర్చు. ఇంటికొచ్చాక బీరువాతో సరిచూడండి, తేడా వస్తే బీరువాదే నిజం.

ఈ జవాబు చదివేలోపే గోల్డ్ లోన్ తీసేసుకుని ఉంటే, ఆ డబ్బు గోవా రైలెక్కకముందే తిరిగి కట్టేసి నగలు ఇంటికి తెచ్చుకోండి, పోయేది కొద్ది రోజుల వడ్డీ.