కప్ప చర్మంతో చలి జ్వరం తగ్గుతుందా?

ప్రశ్న: మాది ఏటూరునాగారం దగ్గర పల్లె. మా తమ్ముడికి ఈ వానాకాలంలో రెండుసార్లు మలేరియా వచ్చింది. మొదటిసారి నాలుగో రోజుకే జ్వరం దిగిందని మిగతా గోలీలు పక్కన పడేశాడు. కప్ప చర్మంలోని పెప్టైడ్లతో మలేరియాకు కొత్త మందు వచ్చిందని వాట్సాప్‌లో వీడియో చూశాం. హన్మకొండలో దొరుకుతుందా? మా పెద్దమ్మ అయితే కప్పనే పట్టుకొస్తానంటోంది.
– ఒక పాఠకుడు, ములుగు జిల్లా

జవాబు: ముందు పెద్దమ్మను ఆపండి. వీడియోలో చెప్పేది చాలామటుకు ఆఫ్రికా కప్ప సంగతి. 1987లో మైకేల్ జాస్లాఫ్ అనే అమెరికా శాస్త్రవేత్త, ఆపరేషన్ చేసి కుట్లేసిన కప్పల్ని మళ్లీ తొట్టిలో వదిలితే ఆ మురికి నీళ్లలో కూడా గాయాలు చీము పట్టకుండా మానడం చూసి, చర్మంలో ఏముందా అని వెతికితే మగైనిన్లు బయటపడ్డాయి. ఇవి పెప్టైడ్లు, అంటే బుల్లి ప్రొటీన్ ముక్కలు. బ్యాక్టీరియా పొరకు అంటుకుని చిల్లులు పెడతాయి.

మలేరియా దగ్గరే చిక్కంతా. ఆ పరాన్నజీవి ఎర్ర రక్తకణం లోపల, అందులోనూ ఇంకో సంచిలో దాక్కుంటుంది. పెప్టైడ్ ఈ గోడలన్నీ దాటాలి, పైగా మన రక్తకణాన్ని పగలగొట్టకూడదు. మలేరియాతో ఇప్పటికే రక్తం తగ్గినవాడికి మందు కూడా రక్తాన్నే విరగ్గొడితే ఇంకేముంది! పరాన్నజీవి చేరిన కణం పైపొర కాస్త మారుతుంది కాబట్టి దాన్నే గుర్తుపట్టే పెప్టైడ్ల కోసం చూస్తున్నారు.

నాకు బాగా నచ్చింది మాత్రం కప్పది కాదు, మన ఒంట్లోదే. డెంగీ సీజన్లో ‘ప్లేట్‌లెట్లు ఎన్నున్నయ్?’ అని టెన్షన్ పడతాం కదా, వాటిలో పీఎఫ్4 అనే ప్రొటీన్ ఉంది. అది పరాన్నజీవి ఉన్న కణంలోకి దూరి, ఆ పురుగు మన హిమోగ్లోబిన్‌ని అరిగించుకునే సంచినే పగలగొడుతుందని 2012లో తేలింది, అంటే దాని కడుపు మీదే దెబ్బ అన్నమాట. దాన్ని పోలిన చిన్న అణువులు తయారుచేసి ఎలుకల్లో పరీక్షిస్తే పరాన్నజీవులు తగ్గాయి. అంతవరకే. మలేరియాకు పెప్టైడ్ మందు హన్మకొండలోనే కాదు, ఏ ఊరి మెడికల్ షాపులోనూ లేదు. గోలీగా మింగితే ఇన్సులిన్ లాగే కడుపులో అరిగిపోతుంది, తయారీ ఖర్చూ ఎక్కువే.

ఇక తమ్ముడి సంగతి. రెండోసారిది కొత్త దోమ కాటు వల్ల కావచ్చు, కానీ రక్తపరీక్ష చీటీ మీద పీవీ (వైవాక్స్ రకం మలేరియా) అని ఉంటే నా అనుమానం ఆ పడేసిన గోలీల మీదే. ఈ రకం కొంత కాలేయంలో నిద్రపోతుంది, జ్వరం దిగాక కూడా. దాన్ని అక్కడ చంపేది ప్రైమాక్విన్, 14 రోజులు వాడాలి. క్లోరోక్విన్ 3 రోజులతో అయిపోతుంది, జనం అక్కడే ఆపేస్తారు. గర్భిణులకు, చంటిపిల్లలకు ప్రైమాక్విన్ ఇవ్వరు. వాడుతుండగా మూత్రం డికాషన్ రంగులోకి మారితే మాత్రం వెంటనే ఆపి దవాఖానకు వెళ్లాలి, జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం ఉన్నవాళ్లకు ఈ మందు పడదు. చీటీ మీద పీఎఫ్ (ఫాల్సిపారం అనే ఇంకో రకం మలేరియా) అని ఉంటే మందులు వేరు, ఆలస్యం అస్సలు చేయొద్దు. ఆశా కార్యకర్తనో, ఏఎన్ఎం‌నో అడగండి.

ప్రశ్న: ఆ పెప్టైడ్లేవో దోమలకే ఎక్కిస్తే పోదా సార్?
– డిగ్రీ విద్యార్థి, హన్మకొండ

జవాబు: నవ్వకండి, నిజంగానే చేశారు! 1989లోనే మగైనిన్లను దోమల్లోకి ఎక్కిస్తే పరాన్నజీవి ఎదుగుదల దెబ్బతింది. 2022లో లండన్ ఇంపీరియల్ కాలేజీ వాళ్లు దోమ జన్యువులు మార్చి, రక్తం తాగగానే దాని పేగులోనే మగైనిన్, తేనెటీగ విషంలోని మెలిటిన్ తయారయ్యేలా చేశారు. పరాన్నజీవి మెల్లగా ఎదుగుతుంది, అది కుట్టి అంటించే దశకు వచ్చేలోపే చాలా దోమలు చచ్చిపోతాయన్నది లెక్క. అయితే ఇదంతా ల్యాబ్‌లో, అదీ ఆఫ్రికా దోమ గాంబియే మీద. మన పల్లెల్లో మలేరియా మోసేది ఎక్కువగా క్యూలిసిఫేసిస్ అనే వేరే జాతి.