వీధికుక్కకు అన్నం, బొద్దింకకు చెప్పుదెబ్బ: ఇది న్యాయమేనా?

మీ ఎనిమిదేళ్ళ అబ్బాయి అడిగినది చిన్న ప్రశ్నేమీ కాదు. రోజూ వీధికుక్కకు అన్నం పెట్టే అమ్మ వంటింట్లో బొద్దింక కనబడగానే చెప్పు ఎందుకు తీస్తుందని అడిగాడనీ, అతనికి చెప్పడానికి మీకు మాట దొరకలేదనీ, జంతువుల మీద చూపే దయ ఇంట్లో తిరిగే పురుగులకు కూడా వర్తించాలా అనీ రాశారు. నేను శ్రీకాకుళంలో ఉంటాను. సొంతూరు ఉద్దానంలో, సోంపేటకు దగ్గర. ఈ ప్రశ్న మా ఇంట్లోనూ వచ్చింది, అదీ బొద్దింక కారణంగానే వచ్చింది. వర్తించాలనే నా అభిప్రాయం. అయితే ఆ దయ చూపవలసిన వేళ పురుగు మన కంటబడిన తర్వాత వచ్చేది కాదని, అంతకు చాలా ముందే దాటిపోతుందని ఆలస్యంగా తెలుసుకున్నాను.

మొదట మా మామ్మ సంగతి చెప్పాలి, ఎందుకంటే ఈ విషయంలో నా ఆలోచనలన్నీ ఆవిడతో వాదించుకుంటూ పెరిగినవే. ఆవిడ తెల్లవారకముందే వాకిట్లో కళ్ళాపి చల్లి, బియ్యప్పిండితో ముగ్గు పెట్టేది. ఎండ ఎక్కేసరికి చీమలు బారులు తీరి ఆ పిండిని మోసుకుపోయేవి. చిన్నతనంలో నేను వాటిని కాలితో నలుపుతుంటే, "దాన్నొగ్గీరా గుంటడా, దాని తిండేదో అది తింటంది" అని గదమాయించేది. బియ్యంలో పురుగు పడితే చంపేది కాదు. చాటలో పోసి ఎండలో పెడితే పురుగులు వాటంతటవే పాకిపోయేవి, తర్వాత డబ్బాలో వేపాకు, నాలుగు ఎండుమిరపకాయలు వేసి మూత పెట్టేది. ఇంత దయగల మనిషి, ఏటా వేసవిలో నులకమంచాలను పెరట్లోకి ఈడ్పించి, సలసల మరిగే నీళ్ళు మంచంకోళ్ళ సందుల్లో పోసి నల్లులను చంపించేది. మా అక్క తల ఒళ్ళో పెట్టుకొని గంటల తరబడి పేలు కుక్కేది. ఈ రెండింటి మధ్య ఆవిడకు ఏ వైరుధ్యమూ కనబడలేదు. వాకిట్లో ఉన్నది దాని బతుకు అది బతుకుతోంది, మంచంలో ఉన్నది మన నెత్తురు తాగి బతుకుతోంది. ఇంతే ఆవిడ లెక్క. ఇది అనాగరికమైన లెక్క అని కాలేజీ రోజుల్లో అనుకునేవాణ్ణి. ఇప్పుడు అలా అనుకోవడం లేదు గానీ, అది సరిపోతుందని కూడా అనుకోవడం లేదు, ఎందుకంటే ఆవిడ లెక్కలో బొద్దింక ఎటువైపుకూ రాదు. అది కుట్టదు, నెత్తురు తాగదు, అలాగని వాకిట్లోనూ ఉండదు.

ఆ బొద్దింకలు మా వంటింటికి వచ్చాయి. మురుగుకాలువల్లోంచి ఎగిరివచ్చే పెద్దవి కావు. లేత గోధుమరంగులో సన్నగా ఉండి, మిక్సీ అడుగున, గ్యాస్ పొయ్యి వెనుక గుంపులుగా చేరే రకం. ఒక రాత్రి పది గంటలకు పడుకోబోతూ ఒకదాని మీద స్ప్రే కొట్టాను. ఉదయం ఐదింటికి కాఫీ పెట్టుకుందామని వెళితే అది అదే చోట వెల్లకిలా పడి ఇంకా కాళ్ళు ఆడిస్తూనే ఉంది. ఏడు గంటలు. నేను సున్నితమైన మనిషినేమీ కాదు. ఆదివారం వస్తే చేపల బజారుకు వెళ్ళే ఇల్లే మాది. అయినా ఆ దృశ్యం నన్ను వదలలేదు. తర్వాత చదివితే అర్థమైంది: ఇళ్ళలో వాడే ఈ మందుల్లో ఎక్కువ భాగం పైరెత్రాయిడ్ రకానివి, అవి నరాల్లో సోడియం రాకపోకలను నియంత్రించే ద్వారాలను సరిగా మూసుకోనివ్వవు. దానితో నరం అదే పనిగా సంకేతాలు పంపుతూ ఉంటుంది, ఒళ్ళంతా కొట్టుకుంటుంది, చివరకు చచ్చుబడుతుంది. చెప్పుదెబ్బకు అరక్షణంలో పోయే ప్రాణం మందుకు గంటల తరబడి పోదు. చేతికి మరక అంటకుండా, చప్పుడు లేకుండా చంపే పద్ధతి మనకు మర్యాదగా కనిపిస్తుంది. చచ్చేదానికి మాత్రం చెప్పే నయం. మీ అబ్బాయికి మీ చేతిలోని చెప్పు క్రూరంగా కనబడి ఉంటుంది. ఆ విషయంలో మాత్రం నేను మీ పక్షమే.

అసలు తప్పు ఆ తర్వాత చేశాను. పురుగులను నిర్మూలిస్తామని చెప్పే ఒక సంస్థ మనిషిని పిలిపించి ఇల్లంతా మందు కొట్టించాను. రెండు వారాలు నిశ్శబ్దం. ట్యూబులైటు వెనుక ఏళ్ళుగా కాపురమున్న బల్లి చనిపోయింది, మూలల్లోని సాలీళ్ళు పోయాయి. రెండు నెలలు తిరిగేసరికి బొద్దింకలు మాత్రం మునుపటికంటే ఎక్కువగా తిరిగివచ్చాయి. ఈ రకంలో ఆడది ఒక్కో గుడ్ల సంచిలో ముప్ఫై నలభై గుడ్లు పెట్టి, పిల్లలు బయటకు వచ్చే వేళ దాకా ఆ సంచిని ఒంటికి తగిలించుకునే తిరుగుతుంది. సంచి గట్టి పెంకులో ఉన్న గుడ్లకు మందు సరిగా సోకదు. ఇక మందుకు తట్టుకొని మిగిలిన వాటి సంతానం కూడా తట్టుకుంటుంది. అంటే నేను డబ్బు పెట్టి, వందల ప్రాణులను గంటల తరబడి హింసించి, మొండి బొద్దింకలను ఏరి పెంచుకున్నట్టయింది.

చివరకు సమస్య తీరినది సింకు కింద. అక్కడి గొట్టం నెలల తరబడి బొట్టుబొట్టుగా కారుతోంది, మేము దాని కింద ఒక గిన్నె పెట్టి ఊరుకున్నాం. బొద్దింక తిండి లేకుండా వారాల పాటు ఉండగలదు గానీ ఈ చిన్న రకానికి నీరు లేకపోతే ఎక్కువ కాలం సాగదు. ప్లంబరు వచ్చి వాషరు మార్చాడు. ఫ్రిజ్ పక్కన పేర్చిన అట్టపెట్టెలను పాత సామాన్లవాడికి ఇచ్చేశాం, గోడ పగుళ్ళకు తెల్లసిమెంటు పెట్టాం, రాత్రి పడుకునే ముందు సింకు తుడిచి ఆరబెట్టడం మొదలుపెట్టాం, ఎంగిలి గిన్నెలు తెల్లవారేదాకా ఉంచడం మానేశాం. మూడు నెలల్లో నూటికి తొంభై పాళ్ళు తగ్గాయి. మిగిలినవాటికి ఇప్పటికీ చెప్పే. కానీ ఏడాదికి ఎన్ని చంపుతున్నామో వేళ్ళ మీద లెక్కపెట్టగలను. దయ అనే మాటకు మా ఇంట్లో నిజంగా ఏదైనా అర్థం ఉంటే అది ఆ వాషరులోనే ఉంది, ఎందుకంటే తిండీ నీరూ పెట్టి పిలిచి, వచ్చాక చంపడం కంటే పిలవకుండా ఉండడంలో హింస చాలా తక్కువ.

పురుగుకు అసలు నొప్పి తెలుస్తుందా అని కూడా మీరు అడిగారు. తేల్చి చెప్పే నిరూపణ లేదు. కానీ తెలియదని కొట్టిపారేసే కాలం కూడా పోయింది. తేనెటీగ మెదడులో సుమారు పది లక్షల నరకణాలు ఉంటాయి. లండన్ క్వీన్ మేరీ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2022లో ప్రచురించిన ప్రయోగంలో, బంబుల్ జాతి తేనెటీగలు ఎలాంటి తిండి ఆశా లేకుండానే చిన్న కర్రబంతులను మళ్ళీ మళ్ళీ దొర్లించి ఆడుకున్నట్టు గమనించారు. అదే సంవత్సరం బ్రిటన్ చేసిన చట్టం పీతలను, రొయ్యలను, ఆక్టోపస్‌లను కూడా అనుభూతి గల జీవులుగా గుర్తించింది, పురుగులను మాత్రం చేర్చలేదు. మన 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం నిర్వచనంలో ఇంకా ఉదారమైనది: మనిషి తప్ప ప్రాణమున్న ఏ జీవి అయినా అందులో జంతువే. దోమను కొట్టినందుకు ఎవరినీ కోర్టుకు ఈడ్వరు, సరే. అయితే ఆ చట్టం ఆపదలచినది చంపడాన్ని కాదు, అనవసరమైన నొప్పిని, బాధను. ఇంట్లో పురుగుల విషయంలో నాకు ఈ గీత చాలినంత స్పష్టంగా ఉంది. నొప్పి ఉందేమోనన్న అనుమానం, చావు త్వరగా ముగిసేలా చూడడానికి సరిపోతుంది. చంపడమే మానడానికి సరిపోదు.

ఎందుకు సరిపోదంటే, మా మామ్మ కాలు. ఆవిడ కుడికాలు మోకాలి కిందనుంచి ఏనుగు కాలంత అయి, ముగ్గు వేయడానికి పీట మీద కూర్చుంటే లేవడానికి ఇద్దరు పట్టవలసివచ్చేది. బోదకాలు. మన ఉత్తరాంధ్ర ఊళ్ళల్లో ఆ జబ్బు ఎంత మామూలో మీకు తెలిసే ఉంటుంది. మురికినీటిలో పుట్టే క్యూలెక్స్ దోమ దాని క్రిములను ఒకరినుంచి ఒకరికి చేరవేస్తుంది. ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ వచ్చి డీఈసీ, ఆల్బెండజోల్ మాత్రలు ఎదురుగా మింగించేది దానికోసమే. డెంగీ మోసుకొచ్చే ఏడిస్ దోమ మంచినీటిలో, అంటే మన కూలర్లో, పూలకుండీ కింది పళ్ళెంలో పుట్టి, పగటిపూట కుడుతుంది. కాబట్టి దోమకు దయ వర్తించదని చెప్పడానికి నాకు మొహమాటం లేదు. కానీ ఇక్కడ కూడా బొద్దింకల దగ్గర నేర్చుకున్న పాఠమే పనికొచ్చింది. గుడ్డునుంచి రెక్కల దోమ కావడానికి మన వాతావరణంలో దాదాపు వారం, పది రోజులు పడుతుంది; అందుకే ప్రభుత్వం శుక్రవారం డ్రైడే పాటించమంటుంది. వారానికి ఒకసారి నిల్వనీరు పారబోసి తొట్టె గోడలు రుద్దితే, సాయంత్రం బ్యాటు పట్టుకొని టపటపమని కాల్చవలసినవి చాలావరకు పుట్టవు. మూసిన గదిలో దోమల కాయిల్ వెలిగించడం కంటే ఇది మనకూ మంచిది. ఒక కాయిల్ వదిలే సూక్ష్మధూళి 75 నుంచి 137 సిగరెట్లు వదిలేదానికి సమానమని 2003లో ప్రచురితమైన ఒక అధ్యయనం లెక్కకట్టింది.

చీమల సంగతి వేరు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటిన నాటికి నేను మా ఊళ్ళోనే ఉన్నాను. కొబ్బరిచెట్లు, జీడితోటలు నేలమట్టమయ్యాయి, రోజుల తరబడి కరెంటు లేదు, పెరడంతా నీరు. రెండోరోజు సాయంత్రం లాంతరు వెలుగులో చూస్తే, వంటింటి గోడ మీద వేలాది చీమలు నోట తెల్లని పిల్లలను కరచుకొని పైకి పాకుతున్నాయి. ఒక బారు నేరుగా బియ్యం డబ్బాలోకి వెళుతోంది. ఇంట్లో మిగిలిన బియ్యం అవే. నేను గుడ్డకు కిరసనాయిలు తడిపి తెచ్చేసరికి అమ్మ చెయ్యి పట్టుకుంది. "ఉండరా, వాటి కొంపా పోనాది" అంది. డబ్బాను పెద్ద పళ్ళెంలో నీళ్ళు పోసి మధ్యలో పెట్టి, లోపలి చీమలను చాటలో చెరిగి అరుగు మీదకు దులిపింది. వారం తర్వాత నేల ఆరాక అవే పెరట్లోకి దిగిపోయాయి. (వాటి స్థానంలో జెర్రులు వచ్చి ఉంటే అమ్మ కూడా కిరసనాయిలు గుడ్డే అందుకునేదని నాకు బాగా తెలుసు.)

ఈ పద్ధతికి మన జిల్లాలోనే పాత వాసన ఉంది. వంశధార ఒడ్డున శాలిహుండం కొండ మీది బౌద్ధారామాలను మీరు చూసే ఉంటారు. బౌద్ధ భిక్షువులు వానాకాలం మూడు నెలలు ప్రయాణాలు మాని ఒకేచోట ఉండాలని, తాగే నీటిని గుడ్డలో వడకట్టుకోవాలని వాళ్ళ నియమం. నేల మీద, నీటిలో ఉండే చిన్న ప్రాణులు చావకూడదన్నది అందుకు ఒక కారణం. పురుగులను పక్కకు జరగమనకుండా తమ నడకను, తమ అలవాటును మార్చుకోవడం నాకు నచ్చిన సంగతి. బొద్దింకల విషయంలో వాళ్ళంత దూరం నేను వెళ్ళలేను, సింకు తుడవడం వరకూ వెళ్ళగలను.

నా లెక్కా పూర్తిగా తేలలేదని ఒప్పుకోవాలి. ప్రతి నాగులచవితికి మేము పాలు పోసే పుట్టను కట్టినది చెదపురుగులే. పోయిన ఏడాది అవే చెదలు మా వీధిగుమ్మం పట్టీకి పట్టాయి. ముందుగా చూసుకొని ఉంటే ఏం చేసేవాణ్ణో గానీ, అప్పటికే సగం చెక్క గుల్లైపోయింది. రంధ్రాలు వేయించి మందు పోయించాను. జాలి కలగలేదు.

మీ అబ్బాయికి ఏం చెప్పాలన్నది మీ అసలు ప్రశ్న. మా అమ్మాయి అదే వయసులో ఉన్నప్పుడు దానికి నేను ఏమీ చెప్పలేదు, ఒక పని అప్పగించాను. శుక్రవారం బడినుంచి రాగానే కుండీల కింది పళ్ళేలు, కూలరు, పిట్టలకు పెట్టిన నీటి మూకుడు కడిగి బోర్లించాలి. మొదటి వారం నీళ్ళలో గిలగిలలాడుతున్న దోమపిల్లలను చూసి పారబోయనని ఏడ్చింది. మూడో వారం నుంచి వాటిలో పిల్లలు కనబడలేదు. ఇప్పుడు దానికి పదమూడేళ్ళు. బొద్దింక కనిపిస్తే మాత్రం ఇప్పటికీ మంచమెక్కి నన్నే పిలుస్తుంది.