టైమర్‌కు తెలిసింది నిమిషాలు, గడ్డికి కావలసింది మిల్లీమీటర్లు

ప్రశ్న: స్మార్ట్ స్ప్రింక్లర్ కంట్రోలర్ బిగించాను. 4 జోన్లు (ఒకే వాల్వ్ మీద నడిచే లాన్ భాగాలు), ఒక్కోదానికి 10 నిమిషాలు. తెల్లారేసరికి లాన్ బురదగుంట అవుతోంది. ఒక్కో జోన్ నాలుగేసి సార్లు నడుస్తోంది. పరికరం పాడైందా?

జవాబు: లేదు, మీరు చెప్పినట్టే చేస్తోంది. ఎండలు మొదలైతే చాలు, ఇదే ఫిర్యాదు వరస కడుతుంది. జోన్‌కు ఒకటి చొప్పున 5:00, 5:10, 5:20, 5:30 అని నాలుగు స్టార్ట్ టైమ్‌లు పెట్టి ఉంటారు. స్టార్ట్ టైమ్ జోన్‌ది కాదు, ప్రోగ్రామ్‌ది, అంటే జోన్లన్నిటినీ కలిపి నడిపే పట్టికది. ఒక్కో స్టార్ట్ టైమ్‌కు నాలుగు జోన్లూ వరసగా నడుస్తాయి. ఒకదాని మీద ఒకటి పడ్డవి క్యూలో నిలబడి తమ వంతు తీర్చుకుంటాయి. అంటే 40 నిమిషాల పని 160 నిమిషాలు. మొదటిది ఉంచి మిగతా మూడూ తీసేయండి. కంట్రోలర్‌లో విడిగా ఉండే బి, సి ప్రోగ్రామ్‌లలో మరచిపోయిన టైమ్‌లేమైనా ఉన్నాయేమో చూడండి. యాప్‌లో ఆటోమేటిక్ షెడ్యూల్, మీరు పెట్టిన షెడ్యూల్ రెండూ ఆన్‌లో ఉన్నా ఇదే తంతు. జోన్ 1, 2, 3 అని రాసిన తెర మీదే స్టార్ట్ 1, 2, 3 అనీ రాసి పెడితే జనం పొరబడక ఏం చేస్తారు? ఏళ్ల తరబడి అదే మెనూ, పైన రంగులు మాత్రం కొత్తవి.

అసలు ఆ 10 నిమిషాలు ఎక్కడివి? ఫ్యాక్టరీ నుంచి వచ్చిన అంకె అయి ఉండొచ్చు. మీ నేలతో దానికి సంబంధం లేదు. ఒకే సైజులో, నిలువు అంచులున్న ఖాళీ డబ్బాలు ఆరేడు లాన్‌లో అక్కడక్కడా పెట్టి, ఒక జోన్‌ను 15 నిమిషాలు నడపండి. నీటి లోతు స్కేలుతో కొలిచి సగటు తీయండి. కదలని స్ప్రే హెడ్‌లైతే 10 మి.మీ. దాకా రావచ్చు, అంటే గంటకు 40. తిరిగే రోటర్లయితే 3 మి.మీ. రావడం మామూలే, గంటకు 12. ఎండాకాలంలో లాన్‌కు వారానికి సుమారు 25 మి.మీ. చాలు, వాన పడితే అదీ అందులోనే. దాన్ని రెండు తడులుగా ఇవ్వండి. 12 మి.మీ. తడికి స్ప్రే జోన్ 18 నిమిషాలు, రోటర్ జోన్ గంట నడవాలి. ఈ రెండు రకాల హెడ్‌లు ఒకే జోన్‌లో ఉంటే ఏ యాప్ వల్లా కాదు. ఒక మూల చిత్తడి, ఒక మూల ఎండు.

రోజూ ఐదేసి నిమిషాలు చిలకరిస్తే పైపొర తడుస్తుంది తప్ప కిందికి పదును దిగదు. వేళ్లూ పైపైనే ఉండిపోతాయి. ఒక్కరోజు నీళ్లు ఆగితే గడ్డి వాడుతుంది. కొత్తగా పరిచిన పచ్చికకు మాత్రం మొదటి రెండు వారాలు రోజూ తేలికపాటి తడి కావాలి. బంకమట్టి అయితే 18 నిమిషాలను ఆరేసి నిమిషాల చొప్పున మూడుసార్లుగా విడగొట్టి, మధ్యలో అరగంట పైన విరామం ఇవ్వండి. లేకపోతే సగం నీళ్లు ఇంకకుండా గట్టు దాటిపోతాయి. యాప్‌లో సైకిల్ అండ్ సోక్ అని ఉండేది ఇందుకే. వేళ తెల్లవారుజాము 4 నుంచి 7 లోపు. రాత్రి పెడితే ఆకు తెల్లారేదాకా తడిగా ఉండి బూజు తెగుళ్లు పడతాయి.

ప్రశ్న: తేమ సెన్సర్ ఎప్పుడూ 20 శాతమే చూపిస్తోంది, నీళ్లు నిలిచినా సరే.

జవాబు: మట్టికీ సెన్సర్‌కీ మధ్య గాలి ఖాళీ ఉంది. తీసి, 10 సెం.మీ. లోతున, తడిపిన మెత్తటి మట్టిని చుట్టూ గట్టిగా అదిమి మళ్లీ పాతండి. స్ప్రింక్లర్ హెడ్ పక్కన వద్దు. విడిగా రెండు లోహపు పుల్లలుండే చవక రకమైతే అవి కరెంటు వల్ల తినేసుకుపోతాయి, లోహం మట్టికి తగలకుండా పూత ఉండే కెపాసిటివ్ రకం తెచ్చుకోండి. తెర మీది శాతాన్ని నమ్మకండి. బాగా తడిపిన మర్నాటి రీడింగ్ ఒకటి, నడిచిన అడుగు ముద్ర లేవకుండా గడ్డి పడుకునే ఉన్న రోజు రీడింగ్ ఒకటి రాసుకోండి. రెండో అంకెకు కాస్త ముందే నీళ్లు మొదలయ్యేలా పెట్టండి.

ప్రశ్న: ఊళ్లో లేనప్పుడు నడపడానికి రౌటర్‌లో పోర్ట్ (బయటి ఇంటర్నెట్ నుంచి లోపలికి దారి) తెరిచాను. పాస్‌వర్డ్ డబ్బాతో వచ్చిందే. గడ్డికి నీళ్లు పెట్టేదాన్ని ఎవరు హ్యాక్ చేస్తారు?

జవాబు: ముందు ఆ పోర్ట్ మూసి, తర్వాత మిగతాది చదవండి. మీ గడ్డి ఎవరికీ అక్కర్లేదు. తెరిచిన తలుపు కావాలి. 2016లో మిరాయ్ అనే మాల్వేర్ (హానికర ప్రోగ్రామ్) లక్షల కెమెరాలను, రౌటర్లను పట్టింది ఏ గొప్ప తెలివితోనో కాదు, ఫ్యాక్టరీ పాస్‌వర్డ్‌ల జాబితా ఒకటి వరసగా ప్రయత్నించి. ఇక 2018లో ఇజ్రాయెల్‌లోని బెన్ గురియన్ యూనివర్సిటీ పరిశోధకులు అమ్మకంలో ఉన్న స్మార్ట్ ఇరిగేషన్ కంట్రోలర్లనే పరీక్షించారు. ఇంట్లో అప్పటికే మాల్వేర్ సోకిన మరో పరికరం, అదే నెట్‌వర్క్‌లోని కంట్రోలర్‌ను 15 నిమిషాల్లోపు గుర్తుపట్టి, నీళ్లు వదిలించగలదని చూపించారు. ఒకేసారి 1,355 స్ప్రింక్లర్లు తిప్పితే గంటలో ఒక పట్టణ నీటి ట్యాంకు ఖాళీ అవుతుందని వాళ్ల లెక్క. కాబట్టి మీ లాన్ తడవడం ఒక్కటే కాదు, ఊరి కుళాయి సంగతి కూడా.

రౌటర్‌లో యూపీఎన్‌పీ (పరికరాలే అడిగి పోర్ట్‌లు తెరిపించుకునే సదుపాయం) ఆపేయండి, లేకపోతే మూసిన పోర్ట్‌ను ఏదో ఒక పరికరం మళ్లీ తానే తెరుచుకుంటుంది. కంట్రోలర్‌ను మీ ఇంటి పరికరాల నుంచి విడిగా ఉండే గెస్ట్ వైఫైలోకి మార్చండి. ఫోన్ నుంచి నేరుగా పలకకపోవచ్చు గానీ యాప్ సర్వర్ ద్వారా పనిచేస్తుంది. ఇంకెక్కడా వాడని పాస్‌వర్డ్ పెట్టండి, రెండంచెల ధ్రువీకరణ ఉంటే ఆన్ చేయండి. ఇంటితోపాటు వచ్చిందో, సెకండ్ హ్యాండ్‌దో అయితే ఫ్యాక్టరీ రీసెట్ తప్పనిసరి. లేదంటే పాత యజమాని ఫోన్‌లో మీ లాన్ ఇంకా కనిపిస్తూనే ఉంటుంది.

వాల్వ్ తెరవడానికి 24 వోల్టులు చాలు. ఆ మాత్రం దానికి లొకేషన్, కాంటాక్ట్‌లు, ఖండాంతరంలో ఒక సర్వర్ ఎందుకో ఎవరూ చెప్పరు. ఆ సర్వర్ మూసేసిన రోజు గోడకు వేలాడేది ప్లాస్టిక్ డబ్బా. కొన్న వారంలోనే రౌటర్‌ను ఒక రాత్రి ఆపి చూడండి. మర్నాడు పొద్దున షెడ్యూల్ తానుగా నడవకపోతే వెనక్కి ఇచ్చేయండి.

ప్రశ్న: వాన పడుతుంటే కూడా స్ప్రింక్లర్ తిరుగుతోంది. 'వానకు ఆపు' ఆన్‌లోనే ఉంది.

జవాబు: యాప్ చూసేది మీ పెరటి వానను కాదు, ఎక్కడో ఉన్న వాతావరణ కేంద్రం సూచనను. మామూలు రెయిన్ సెన్సర్ బిగించండి. 6 మి.మీ. దగ్గర సెట్ చేసి, చూరు కింద కాకుండా ఆకాశం కనిపించే చోట పెట్టండి. కంట్రోలర్‌లో సెన్సర్ టెర్మినళ్ల (వైర్లు బిగించే చోట్ల) మధ్య చిన్న వైరు ముక్క ఉంటుంది. దాన్ని తీయకుండా బిగిస్తే సెన్సర్ ఉన్నా లేనట్టే.