చుక్కల పండగకి ముందు దీపాలు లెక్కపెట్టండి

ఊళ్లో ఓ రాత్రి దీపాలార్పి, జనాన్ని బయట కూచోబెట్టి ఆకాశం చూపించాలనుకుంటున్నామని శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పాఠకులు కొందరు రాశారు. ఎక్కువ ఉత్తరాల్లో మొదటి ప్రశ్న ‘ఏ టెలిస్కోపు కొనాలి?’ అన్నదే. దాన్ని కావాలనే మూడో స్థానానికి జరిపాం. తేదీ కుదరక, దీపాలు ఆరక పాడైన రాత్రిని ఎంత మంచి టెలిస్కోపూ బాగుచెయ్యలేదు.

సంక్రాంతికి ఊరంతా వస్తారు కాబట్టి అప్పుడే పెట్టేద్దామని మా కుర్రోళ్లు అంటున్నారు. డిసెంబరులో ఉల్కల వాన ఉంటుందని ఇంకొందరి మాట. ఏ రాత్రి మంచిది?
– ఒక ఉపాధ్యాయుడు, నరసన్నపేట

సంక్రాంతి సూర్యుణ్ణి బట్టి వచ్చే పండగ, తిథిని బట్టి కాదు. ఆ మూడు రోజులూ ఒక ఏడాది అమావాస్య దగ్గర పడితే, ఇంకో ఏడాది పున్నమి దగ్గర పడతాయి. దానికి తోడు భోగి మంటల పొగ. గాలి ఆడని చలి రాత్రి ఆ పొగ పైకి పోదు, పొలాల మీదే పరుచుకుంటుంది.

మా ఓటు మాఘ శుద్ధ తదియ, చవితి రాత్రులకి. అంటే పుష్య అమావాస్య దాటాక, రథసప్తమికి ముందు. రథసప్తమి రోజుల్లో అరసవల్లి దారులన్నీ దీపాలతో, బస్సులతో నిండిపోతాయి కాబట్టి ఈలోపే కానిచ్చెయ్యాలి. అచ్చంగా అమావాస్యే ఎందుకు కాదంటే, పిల్లలకి అన్నిటికన్నా నచ్చేది చందమామ మీది గుంటలు. తదియ, చవితి చంద్రుడు సుమారు ఏడున్నర, తొమ్మిది మధ్య అస్తమిస్తాడు. ఫిబ్రవరి మొదట్లో మన దగ్గర 5:50కి పొద్దుగూకుతుంది, ఏడు దాటాక గానీ పూర్తి చీకటి పడదు. ముందు నెలవంక చూపించి, అది దిగిపోయాక మసక వస్తువుల దగ్గరికి వెళ్లొచ్చు.

జూన్ నుంచి సెప్టెంబరు దాకా మబ్బు. ఆగస్టు 12 ప్రాంతంలో వచ్చే పెర్సీడ్ ఉల్కల మీద మన జిల్లాల్లో ఆశ పెట్టుకోవద్దు. అక్టోబరు, నవంబరు తుపాన్ల కాలం. 2018లో తిత్లీ పలాస వైపు తీరం దాటింది అక్టోబరు 11న. డిసెంబరు 14 నాటి జెమినిడ్ ఉల్కలు నిజంగా మంచివే, కానీ రాత్రి పది దాటాకే జోరందుకుంటాయి. ‘గంటకు 120’ అని కరపత్రంలో వెయ్యకండి. ఉల్కలు వెలువడే చోటు సరిగ్గా నెత్తి మీద ఉండి, మచ్చలేని చీకటి ఉంటే వచ్చే లెక్క అది. ఊరి అంచున కూచుంటే అందులో సగం కనిపించినా సంతోషించాలి.

మబ్బు పట్టిందని వారం వాయిదా వెయ్యొద్దు. అష్టమికల్లా చంద్రుడు అర్ధరాత్రి దాకా ఉంటాడు. వాయిదా అంటే మర్నాటికే. వంశధార, నాగావళి ఒడ్డున ఉన్న ఊళ్లలో రాత్రి ముదిరేకొద్దీ మంచు దిగుతుంది కాబట్టి పదింటికి ముగించేలా చూసుకోండి.

వీధి దీపాలు ఆపేస్తామని పంచాయతీవారు మాటిచ్చారు. ఇంకేం చెయ్యాలి?
– మహిళా సంఘం సభ్యురాలు, గజపతినగరం

వారం ముందు ఓ రాత్రి, పండగ జరిగే చోట నిలబడి చుట్టూ తిరుగుతూ కంటికి నేరుగా తగులుతున్న దీపాలన్నీ కాగితం మీద రాసుకోండి. వీధి దీపాలు అందులో సగమే ఉంటాయి. మిగతావి గుడి గోపురం మీది ఫ్లడ్‌లైటు, రైసు మిల్లు వాకిట్లోది, సెల్ టవర్ గదిది, తీరం వైపైతే రొయ్యల చెరువు గట్ల మీదివి. చెరువు యజమానులని ఏరేటర్లు (నీళ్లలోకి గాలి కొట్టే యంత్రాలు) ఆపమని అడగకండి. అవి ఆగితే రొయ్య చస్తుంది, మీ మాట ఇంకెవరూ వినరు. ఆ మూడు గంటలూ గట్టు మీది బల్బుల్ని నేలకి తిప్పమంటే చాలు.

ఆపలేని దీపాలకి అడ్డు కట్టాలి. పదిహేను కిలోల నూనె డబ్బా రేకుని నిలువుగా కోసి, జానెడున్నర ఎత్తు పలకగా మైదానం వైపు నిలబెడితే సరిపోతుంది. చాలామంది గోనెసంచి చుట్టేస్తారు, అది ప్రమాదం. ఎల్ఈడీ దీపం వెనకున్న రెక్కలు వేడిని గాలికి వదలాలి. వాటిని మూసేస్తే లోపలి డ్రైవర్ (కరెంటుని సర్దే భాగం) మాడిపోతుంది, సంచి అంటుకున్నా ఆశ్చర్యం లేదు. స్తంభం ఎక్కేది లైన్‌మనే, ఉత్సాహం ఉన్న కుర్రాడు కాదు. పెద్ద రోడ్డు మలుపులో దీపం మాత్రం ఉండనివ్వండి.

కన్ను చీకటికి అలవాటు పడడానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. ఒక్క ఫోను వెలుగు దాన్ని చెరిపేస్తుంది, మళ్లీ మొదటికే. ఎర్ర వెలుగుకి ఆ ఇబ్బంది తక్కువ. పుస్తకాల అట్టలకి వేసే ఎర్ర సెల్లోఫేన్ కాగితం టార్చికి ఒక్క పొర చుడితే గులాబీ రంగు వెలుగే వస్తుంది, పనికిరాదు. మూడు, నాలుగు పొరలు చుట్టి, తెల్లకాగితం మీద వేసి చూడండి. మూరెడు దూరంలో అక్షరాలు కష్టంగా చదవగలిగితే సరైన వెలుగు. వాలంటీర్లకి పది టార్చీలు ఇలా చేసి పెట్టండి. బళ్లు 200 మీటర్ల అవతలే ఆపించాలి, అదీ ముఖం బయటి వైపు ఉండేలా. లేకపోతే ముందుగా ఇంటికి వెళ్లే మొదటి బండి హెడ్‌లైటు అందరి కళ్లూ పాడుచేసి పోతుంది.

పండగ అయ్యాక పంచాయతీని ఒక్కటి అడగండి. ఇకపై మార్చే బల్బులు తెల్లటి 6500 కెల్విన్‌వి (వెలుగు రంగుని చెప్పే కొలత ఇది) కాకుండా 3000 లేదా అంతకన్నా తక్కువవి, పసుపు ఛాయవి వెయ్యమని. నీలి వెలుగు గాలిలో ఎక్కువ చెదురుతుంది. 450 నానోమీటర్ల నీలం, 600 నానోమీటర్ల నారింజ కన్నా మూడు రెట్లకి పైగా చెదిరి ఆకాశాన్ని తెల్లబరుస్తుంది.

200 మంది వస్తారని అంచనా. టెలిస్కోపు ఒకటి కొంటే సరిపోతుందా? ఏది కొనాలి?
– యువజన సంఘం, టెక్కలి

మనిషికి ఒక్క నిమిషం ఇచ్చినా 200 మందికి మూడు గంటల ఇరవై నిమిషాలు. చివరివాడి వంతు వచ్చేసరికి పొరుగూరివాళ్లు నిద్రపోయి ఉంటారు. ఒక టెలిస్కోపు, మూడు 10×50 బైనాక్యులర్లు, చుక్కల్ని వేలితో చూపించే చోటు ఒకటి పెట్టి జనాన్ని విడగొట్టండి. ట్రైపాడ్ లేకపోతే నిటారుగా పాతిన వెదురు గెడకి బైనాక్యులర్‌ని ఆనిస్తే వణుకు చాలావరకు పోతుంది.

కొనేదైతే 150 మి.మీ. అద్దమున్న డాబ్సోనియన్, అంటే నేల మీది పెట్టెలో కూచుని చేత్తో తిప్పుకునే అద్దాల టెలిస్కోపు. పెట్టె మీద ‘675 రెట్లు’ అని అచ్చేసిన 60 మి.మీ. బొమ్మ టెలిస్కోపులకి ఆశపడకండి. అద్దం వ్యాసం మిల్లీమీటర్లలో ఎంతో, దానికి రెట్టింపే పనికొచ్చే గరిష్ఠ వృద్ధి. 60 మి.మీ.కి 120 రెట్లు, ఆపైన మసకే పెరుగుతుంది. 1200 మి.మీ. నాభ్యంతరం (ఫోకల్ లెంగ్త్) ఉన్న డాబ్సోనియన్‌కి 25 మి.మీ. ఐపీస్ (కన్ను పెట్టి చూసే కటకం) పెడితే 48 రెట్లు. ఊరి జనానికి ఆ రాత్రంతా అదే ఉంచండి. అందులో సుమారు ఒక డిగ్రీ ఆకాశం కనిపిస్తుంది. భూమి తిరగడం వల్ల మృగశిరలోని నెబ్యులా (మసకగా వెలిగే మేఘం) ఈ కొస నుంచి ఆ కొసకి నాలుగు నిమిషాల్లో జారిపోతుంది. అందుకే నిర్వాహకుడు ప్రతి ఇద్దరికీ ఒకసారి కన్ను పెట్టి సరిచెయ్యాలి. ‘ఏం కనబడట్లేదండీ’ అని పెద్దవాళ్లు మొహమాటంతో చెప్పకుండా వెళ్లిపోతారు.

చూపు గొట్టాన్ని, అంటే టెలిస్కోపు మీద గురి చూడడానికుండే చిన్న గొట్టాన్ని, పగలే సరిచూసుకోండి. అర కిలోమీటరు దాటి ఉన్న సెల్ టవర్ కొనని పెద్ద గొట్టంలో నడిమికి తెచ్చి, చిన్న గొట్టం మరలు తిప్పి అదే కొన మీదికి తేవాలి. ఈ పని చీకట్లో మొదలుపెట్టినవాళ్లు గంట పోగొట్టుకుంటారు. పగలు చేస్తున్నారు కాబట్టి సూర్యుడి వైపు మాత్రం గొట్టం తిరగనివ్వొద్దు, క్షణంలో కన్ను పోతుంది. గదిలోంచి తెచ్చిన అద్దం వేడి దిగడానికి ముప్పావుగంట బయట ఉంచండి, లేకపోతే చుక్కలు మరుగుతున్న నీళ్లలోంచి చూసినట్టు ఆడతాయి. మంచు పట్టకుండా నల్ల చార్టు కాగితం గొట్టం మూతికి చుట్టి 25 సెం.మీ. ముందుకి వదలండి. జనం ఊపిరికి ఐపీస్ మసకబారితే తుడవకండి, జేబులో వెచ్చగా ఉంచుకున్న రెండోది మార్చండి. గొట్టాన్ని పట్టుకుని వంగే అలవాటు అందరికీ ఉంటుంది. పక్కన ప్లాస్టిక్ స్టూలు వేసి దాని మీద చెయ్యి పెట్టుకోమంటే ఆ బెడద తీరుతుంది.

ఇదంతా మన తీరానికి కొత్త విద్య అనుకోవద్దు. విశాఖపట్నం డాబాగార్డెన్స్‌లో గోడే వెంకట జగ్గారావు పెట్టిన వేధశాల ఉండేది. అక్కడ అంకితం వెంకట నరసింగరావు 1874లో శుక్రుడు సూర్యబింబం మీదుగా దాటిపోవడాన్ని గమనించారు.

బారువ బీచ్‌లో పెడితే సముద్రం వైపు దీపాలుండవు కదా?
– సోంపేట పాఠకురాలు

చోటు బాగుంది, కాలం చిక్కు. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లీ తాబేళ్లు రాత్రిపూట ఇసుకెక్కి ఒక్కో గూట్లో వంద, నూట ఇరవై దాకా గుడ్లు పెడతాయి. ఒడ్డున టార్చీలూ మనుషులూ కనిపిస్తే పెట్టకుండానే తిరిగి నీళ్లలోకి పోతాయి. సుమారు 50 రోజులకి పొదిగి వచ్చే పిల్లలు వెలుగెక్కువ ఉన్న దిక్కుకి నడుస్తాయి. మామూలుగా అది సముద్రం. ఒడ్డు మీద బల్బు ఉంటే దాని వైపు నడిచి తెల్లారేసరికి కాకులకో కుక్కలకో చిక్కుతాయి.

కాబట్టి ఇసుకలో వద్దు. సరుగుడు తోటకి ఊరి వైపు, దిబ్బల వెనక చదును చూసుకోండి. ముందుగా అటవీశాఖని అడగండి. ఈ తాబేలు 1972 వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూలులో ఉంది, గుడ్లు ముట్టుకోవడం కూడా నేరమే. ఎదురుపడితే ఎర్ర టార్చి కూడా ఆర్పి, దాని ముఖానికి ఎదురుగా కాకుండా వెనక్కి తప్పుకుని కదలకుండా నిలబడాలి. సెల్ఫీలు వద్దే వద్దు.

అరసవల్లిలో స్వామి పాదాల మీద కిరణాలు పడడాన్ని పిల్లలకి ఖగోళ పాఠంగా ఎలా చెప్పాలి?
– ఉపాధ్యాయురాలు, శ్రీకాకుళం

మార్చి 9–11, అక్టోబరు 1–3. ముందు ఈ రెండు తేదీలనీ బోర్డు మీద రాసి, మధ్యలో విషువత్తులు (పగలూ రాత్రీ సమానమయ్యే రోజులు) ఎక్కడున్నాయో పిల్లల్నే వెతకమనండి. మార్చి 20కి పది రోజుల ముందు ఒకటి, సెప్టెంబరు 23 తర్వాత పది రోజులకి రెండోది. ఆ రెండు సార్లూ సూర్యుడు ఖగోళ మధ్యరేఖకి (భూమధ్యరేఖకి నేరుగా పైన ఆకాశంలో ఊహించుకునే గీత) దక్షిణంగా సుమారు నాలుగు డిగ్రీల దగ్గర ఉంటాడు, అంటే తూర్పుకి కొంచెం దక్షిణంగా ఒకే చోట ఉదయిస్తాడు. ఒకసారి ఉత్తరానికి వస్తూ, ఒకసారి దక్షిణానికి పోతూ. మూడు రోజులే ఎందుకంటే, ఆ కాలంలో ఉదయించే చోటు రోజుకి 0.4 డిగ్రీలు జరుగుతుంది. సూర్యబింబం వెడల్పే అర డిగ్రీ. మూడు రోజుల్లో రెండు బింబాలకి పైగా పక్కకి పోయాక, వరస ద్వారాల సందులోంచి దూరే కిరణం గురి తప్పుతుంది.

బడిలో చెయ్యాలంటే తూర్పు కిటికీకి అట్ట కట్టి, రూపాయి బిళ్లంత రంధ్రం చేసి, ఎదురు గోడ మీద రోజూ ఒకే నిమిషానికి కాకుండా సూర్యోదయం అయిన పది నిమిషాలకి వెలుగు మచ్చ చుట్టూ సుద్దతో గీయించండి. కిటికీకి గోడకి ఐదు మీటర్లుంటే మచ్చ రోజుకి మూడున్నర సెంటీమీటర్లు జరుగుతుంది.

చుక్కలకి మన పేర్లు చెబితే పెద్దవాళ్లు కూడా కూచుంటారు. ఏవి చెప్పాలి?
– చీపురుపల్లి పాఠకుడు

వాళ్లకే మైకు లేకుండా వదిలెయ్యండి, మీకన్నా ఎక్కువ చెబుతారు. పిల్లలకోడి అంటే కృత్తికలు, గొల్లకావిడి అంటే మృగశిర నడుమున వరసగా ఉన్న మూడు చుక్కలు. ఫిబ్రవరి మొదట్లో రాత్రి తొమ్మిదింటికి దక్షిణాన అగస్త్యుడు (కెనోపస్) 19 డిగ్రీల ఎత్తుకి వస్తాడు, చెయ్యి చాచి పట్టిన రెండు పిడికిళ్లకి కాస్త తక్కువ. ఢిల్లీవాళ్లకి అది నేలనంటుకునే ఉంటుంది, ఈ విషయంలో మనం అదృష్టవంతులం. త్రిశంకు (సదరన్ క్రాస్) కావాలంటే మే నెల మధ్యలో రాత్రి తొమ్మిదికి చూడండి.

పనిలో పనిగా చీకటిని కొలిపించండి. మృగశిర నాలుగు మూలల చుక్కల్ని వదిలి, ఆ చట్రం లోపల కనిపించేవి లెక్కపెట్టమనండి. పది లోపే అయితే ఊరి వెలుగు తాకిడి ఎక్కువ, 30 దాటితే మేలైన చీకటి. దీపాలార్పక ముందు ఒకసారి, ఆర్పిన అరగంటకి ఒకసారి. ఆ రెండు అంకెలు పట్టుకెళ్లి పంచాయతీలో చూపించొచ్చు.

తేలినీలాపురం పక్షుల దగ్గరే రాత్రి బస పెడితే?
– నౌపడ పాఠకుడు

వద్దు. గూళ్లలో పిల్లలున్న కాలం అది, రాత్రి అలికిడికి పెద్ద పక్షులు లేచిపోతే పిల్లలు కిందపడతాయి. మర్నాడు పొద్దున్నే తీసుకెళ్లండి. ‘సైబీరియా నుంచి వచ్చాయి’ అని మాత్రం చెప్పకండి, అక్కడ గూళ్లు కట్టే గూడబాతులూ ఎర్రకాళ్ల కొంగలూ మన ఉపఖండపు పక్షులే.

దోమలకి ఏం చెయ్యాలి?
– రణస్థలం పాఠకురాలు

నిండు చేతుల చొక్కాలు వేసుకు రమ్మని ముందే చెప్పండి. కాయిల్స్ గాలి వాలుకి, టెలిస్కోపుకి దూరంగా పెట్టాలి. దోమల క్రీము రాసుకున్నవాళ్లు ఐపీస్ పట్టుకోకుండా చూడండి. వాటిల్లో కొన్నిట్లో ఉండే డీట్ అనే రసాయనం ప్లాస్టిక్‌ని మెత్తబరుస్తుంది, కటకం పూతని కూడా చెడగొడుతుంది. వరస మొదట్లో ఓ బకెట్టు నీళ్లు, సబ్బు, పాత తువ్వాలు పెడితే సరి.