బీటెక్, ఎంబీఏ కలిసిన ఐదేళ్ల కోర్సు ఎవరికి సరిపోతుంది?

మెషీన్లూ డబ్బు లెక్కలూ రెండూ ఇష్టమై, మేనేజ్‌మెంట్ వైపే వెళ్లాలని ఇప్పటికే తేల్చుకున్నవాళ్లకే ఇది సరిపోతుంది; ఇంకా ఊగిసలాటలో ఉంటే విడిగా బీటెక్ చేయడమే మేలు. విడివిడిగా చదివితే నాలుగూ రెండూ ఆరేళ్లు, కలిపితే ఐదు. ఏడాది మిగులుతుంది, నిజమే. కానీ ఎంబీఏ ఎక్కడ చేయాలో ఇంటర్ అవగానే నిర్ణయించేసినట్టవుతుంది. మామూలు బీటెక్ అయితే ఫైనలియర్‌లో క్యాట్ (ఎంబీఏ ప్రవేశ పరీక్ష) రాసి, వచ్చిన మార్కులను బట్టి కాలేజీ ఎంచుకోవచ్చు.

ఒడిశాలోని రాయగడ పక్కన జేకేపూర్‌లో ఉన్నలాంటి పేపర్ మిల్లునే ఉదాహరణకు తీసుకోండి. తడి కాగితం ఆవిరితో వేడెక్కే సిలిండర్ల మీదుగా సాగుతూ ఆరుతుంది. ఆవిరి ఎక్కడ వృథా అవుతోందన్నది ఇంజనీరింగ్ ప్రశ్న. దాన్ని ఆపడానికి పెట్టే ఖర్చు ఎన్నేళ్లలో తిరిగొస్తుందన్నది మేనేజ్‌మెంట్ ప్రశ్న. రెండూ ఆసక్తిగా అనిపిస్తే ఈ కోర్సు మీకే. మొదటిదే నచ్చితే బీటెక్, రెండోదే నచ్చితే మేనేజ్‌మెంట్ డిగ్రీ అయిన బీబీఏ చాలు (ఇంజనీరింగ్ మ్యాథ్స్‌తో కుస్తీ తప్పుతుంది).

రెండు డిగ్రీలుంటే జీతం రెట్టింపని చాలామంది అనుకుంటారు. కానీ అనుభవం లేనివాళ్లను కంపెనీలు సాధారణంగా ఫ్రెషర్లుగానే చూస్తాయి. మధ్యలో మానేసినా బీటెక్ ఎలాగూ చేతికొస్తుందన్నది ఇంకో భ్రమ. నాలుగేళ్లకు డిగ్రీ ఇచ్చి పంపిస్తారా లేదా అన్నది కాలేజీ నిబంధనలను బట్టి ఉంటుంది. ఫీజు కట్టకముందే ప్రాస్పెక్టస్‌లో చూసుకోండి.