ప్రోగ్రెసివ్ రాక్ వినబోతున్న మేనల్లుడికి

తిరుపతి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

ప్రోగ్రెసివ్ రాక్, అంటే పొడవైన పాటలు, చిక్కైన తాళాలు ఉండే రాక్ సంగీతం, ఎక్కడ మొదలుపెట్టాలని అడిగావు. స్టూడియో ఆల్బమ్‌తో కాక కచేరీ రికార్డింగుతో, అందులోనూ జెనెసిస్ బృందం 1977లో విడుదల చేసిన ‘సెకండ్స్ అవుట్’తో మొదలుపెట్టమని నా సలహా. శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం హాస్టల్లో ఉన్నప్పుడు పక్క గది మిత్రుడు మద్రాసు నుంచి తెచ్చిన క్యాసెట్టులో నేను మొదట విన్నది అదే. అప్పటికి నాకు తెలిసిన ఇంగ్లీషు పాటలన్నీ మూడు నాలుగు నిమిషాలవే కనుక, దాదాపు 24 నిమిషాలు సాగే ‘సప్పర్స్ రెడీ’ వింటూ ఆ రాత్రి పూర్తిగా దారి తప్పిపోయాను. చివర జనం చప్పట్లు మార్మోగినప్పుడు మాత్రం, వాళ్లకు అందినదేదో నాకు అందలేదన్న పట్టుదల కలిగి మరునాడు మళ్లీ విన్నాను. స్టూడియో రికార్డు నాకు ఆ పట్టుదలను కలిగించి ఉండేది కాదు.

వినేముందు ఒక్క సంగతి తెలుసుకో. గాయకుడు పీటర్ గేబ్రియల్ 1975లో బృందాన్ని వదిలిన తరువాత, డ్రమ్స్ వాయించే ఫిల్ కాలిన్స్ పాడే బాధ్యత తీసుకున్నాడు. అందువల్ల వేదిక మీద మరో డ్రమ్మర్ అవసరమయ్యాడు. ఈ ఆల్బమ్‌లో చాలా వరకు చెస్టర్ థాంప్సన్ వాయించాడు. ‘సినిమా షో’ ఒక్కటి మాత్రం 1976 పారిస్ కచేరీలోది. అందులో ఉన్నది బిల్ బ్రూఫర్డ్. ఆ పాట రెండో సగంలో మాటలు ఆగిపోయి, టోనీ బ్యాంక్స్ కీబోర్డు ఏడు అక్షరాల (తాళంలో ఏడు దెబ్బల) లెక్క మీద సాగుతుంటే, కాలిన్స్ కూడా డ్రమ్స్ అందుకుంటాడు. గోవిందరాజస్వామి ఊరేగింపులలో డోలు విని పెరిగిన చెవి నీది, ఏడు అక్షరాల మిశ్రచాపు తాళం నీకు కొత్త కాదు. విరుపులు మన పద్ధతిలోనే పడాలని ఆశించక, చేత్తో ఏడు లెక్కపెడుతూ కూర్చో. నాలుగైదు ఆవర్తాలయ్యేసరికి చెయ్యి తనంతట తానే సరైన చోట పడుతుంది.

‘సప్పర్స్ రెడీ’లో ఏడు భాగాలున్నాయి. చివరి భాగానికి ముందు వచ్చే తొమ్మిది అక్షరాల ఘట్టంలో, కింద డ్రమ్స్, బేస్ తమ లెక్కను వదలకుండా పట్టుకుని ఉండగా, ఆర్గాన్ ఆ లెక్కకు ఎదురీదుతున్నట్టు వినిపిస్తుంది. నాకు ఈ సంగీతం మీద ప్రేమ కలిగింది అక్కడే, నాయనా. ఆ ఒక్క చోటి కోసం టేపును ఎన్నిసార్లు వెనక్కి తిప్పానో లెక్క లేదు.

ఇది రెండు ఎల్పీల ఆల్బమ్; రోజుకు ఒక్క వైపు మాత్రమే, ఉన్న వరుసలోనే విను. మొదటిసారి సాహిత్యం చదవవద్దు. తరువాత 1972 నాటి ‘ఫాక్స్‌ట్రాట్’, 1973 నాటి ‘సెల్లింగ్ ఇంగ్లండ్ బై ద పౌండ్’ తీసి, వాటిలోని ‘సప్పర్స్ రెడీ’, ‘సినిమా షో’లను గేబ్రియల్ ఉన్న కాలపు రూపంలో విను. ఒకే కీర్తనను ఇద్దరు విద్వాంసుల దగ్గర విన్నప్పుడు కలిగే ఎరుక అక్కడ కలుగుతుంది.

సెలవులకు తిరుపతి వచ్చినప్పుడు మేడమీది గదిలో ఇద్దరం కూర్చుని ఆ తొమ్మిది అక్షరాల ఘట్టం విందాం. నీ లెక్క ఎక్కడ తప్పుతోందో అప్పుడు చూద్దాం.

మీ మామయ్య